మనవుల పెట్టెలో పన్నెండో పుస్తకం

ఎస్తర్ రాణికి ఫోనంటే భయమని తొంభై ఏడులో ఎవరైనా అని ఉంటే నర్సీపట్నం బస్టాండు మొత్తం పగలబడి నవ్వేది. ఆ రోజుల్లో బస్టాండు ఎదుట ఎస్టీడీ బూత్ అంటే ఎస్తరు, ఎస్తరంటే ఎస్టీడీ బూత్. ఇంటర్ అయ్యాక మూడేళ్ళు ఆ అద్దాల గదిలో కూర్చుంది. లైను కలవలేదని ఉసూరుమంటూ తిరిగెళ్ళినవాడు లేడు. రిసీవరు తలకిందులుగా పట్టుకున్న ముసలమ్మల చేతిలో దాన్ని తిప్పి పెట్టేది. చెవుడున్నవాళ్ళకి తనే విని గట్టిగా చెప్పేది: "మీ అల్లుడు బేగి రమ్మంటున్నాడు మామ్మా! మనవడికి జొరం తగ్గిందట!" ఇంట్లోవాళ్ళ కంటే ముందు ఊళ్ళో కబుర్లన్నీ ఆ పిల్లకే తెలిసేవి. నవ్వితే అద్దాల బయటికి వినిపించేది. ఆ నవ్వు గురించే కదా ఈ గోలంతా.

సత్యప్రకాష్ అప్పట్లో రోడ్డు కాంట్రాక్టరు దగ్గర టైమ్‌కీపరు. ఎవడు ఎన్ని గంటలకి వచ్చాడు, ఎవడు మధ్యలో బీడీ కోసం పక్కకెళ్ళాడు, ఎవడు పెందలాడే జారుకున్నాడు, అదీ అతని పని. సాయంత్రం బూత్‌కొచ్చి ఆ రోజు హాజరంతా ఫోన్లో చదివి వినిపించేవాడు. తలెత్తి అద్దంలోంచి ఎస్తరుని చూసేవాడు. మనిషి మంచివాడే. తాగడు, చుట్ట బీడీ ఎరగడు, ఆదివారం గుడికి అందరికంటే ముందొచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. రెండు కుటుంబాలూ మిషను చర్చివే. తొంభై తొమ్మిదిలో పెళ్ళయింది. అత్తగారు రత్నమణి గారు బలిఘట్టం రోడ్డులో ఇంటి ముందు షామియానా వేయించి ఊరందరికీ బిరియానీ పెట్టింది.

పెళ్ళయిన నెల్లాళ్ళకి ఎస్తరు ఒక పొరపాటు చేసింది. పొరపాటంటే ఏం లేదు, మాట్లాడింది. బూత్ కబుర్లు చెప్పి మొగుణ్ణి నవ్విద్దామనుకుంది. "ఒకావిడుండేదండీ. వాళ్ళాయన మస్కట్‌లో. ఆదివారం ఆదివారం వచ్చి ఆయనతో మాట్లాడి బొటబొటా కన్నీళ్ళు కార్చేది. పెట్టేసి, ముక్కు చీదుకుని, ఇంకో లోకల్ నంబరు తిప్పేది. అక్కణ్ణించి కిలకిలా నవ్వులేనండీ!" అని, తనే ముందు నవ్వింది. సత్యప్రకాష్ నవ్వలేదు. "ఆ మస్కట్ ఆయనకి తెల్సిందా?" అనడిగాడు. "ఎలా తెలుస్తాదండీ, అంత దూరంలో ఉంటే?" అంది ఎస్తరు. అక్కడితో ఆ మాట అయిపోయిందనుకుంది. పిచ్చిపిల్ల.

రెండువేల మూడులో అతనికి గుజరాత్‌లో ఏదో పెద్ద కంపెనీ కట్టడం దగ్గర పని దొరికింది. అదీ టైమ్‌కీపరు పనే. యలమంచిలి స్టేషన్లో రైలెక్కిస్తే కిటికీ చువ్వలు పట్టుకుని వలవలా ఏడ్చాడు. అప్పటికి కూతురు షారోనుకి రెండేళ్ళు. మొదట్లో పక్కింటివాళ్ళ ఫోనుకి ఆదివారం చేసేవాడు. రెండువేల ఐదులో సెలవుకొచ్చినప్పుడు సెల్‌ఫోను తెచ్చి ఎస్తరు చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం గుళ్ళో ఆ ఫోను కోసం కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించింది రత్నమణి గారు. వీధి వీధంతా వచ్చి ముట్టుకుని చూసింది.

ఇక మొదలు. అతను మిస్డ్ కాల్ ఇస్తాడు. ఎస్తరు పది లెక్కపెట్టేలోగా తిరుగు మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఇస్తే, ఉంది. హాజరు పడింది. ఇవ్వకపోతే అసలు ఫోనే వస్తుంది.

"ఎక్కడున్నావు?"

"ఇంట్లోనేనండీ."

"ఏటా సప్పుడు?"

"పప్పు రుబ్బుతున్నానండీ."

"ఫోనెత్తు, వింటాను."

ఫోను పైకెత్తి పట్టుకోవాలి. గ్రైండరు దగ్గర పట్టుకుంటే గ్రైండరు చప్పుడు, కుళాయి దగ్గరయితే కుళాయి చప్పుడు, గుళ్ళో అయితే పాట. పది లెక్కపెట్టి దించితే, "సరే" అని పెట్టేస్తాడు. తిట్టడు, కొట్టడు, గొంతైనా పెంచడు. నెలనెలా డబ్బు పంపుతాడు. మరేమని చెప్పుకుంటుంది? మా ఆయన నాకు ఫోన్ చేస్తున్నాడు బాబోయ్ అని పోలీస్ స్టేషన్‌కి వెళ్తే లాఠీలు పక్కన పెట్టి మరీ నవ్వుతారు!

రత్నమణి గారైతే ఆకు నములుతూ మురిసిపోయేది. "నీకేటమ్మా, అదురుష్టవంతురాలివి. మీ మావ ఊరెళ్తే మూణ్ణెల్లకైనా ఓ కార్డు ముక్క రాసీవోడు కాడు. బతికున్నాడో లేదో తెలిసీది కాదు. నా కొడుకు సూడు, గంట గంటకీ పెళ్ళాన్ని తల్సుకుంతాడు." ఆవిడ మనసులో కల్లాకపటం లేదు. తనకి జరగని ముచ్చట కోడలికి జరుగుతోందని నిజంగానే సంబరపడేది. అదే ఎస్తరుకి నోరు కుట్టేసింది.

ఫోనొచ్చిన రెండేళ్ళలో ఎస్తరు తిరిగే మేర చిన్నదైపోయింది. కుట్టుమిషను అమ్మేసింది, చప్పుడులో రింగు వినపడదని. సంతకి మానేసింది, గోలలో చెప్పిన మాట నమ్మడని. వెనక వసారాలో సిగ్నలు సరిగా అందదు, అందుకని బియ్యం చెరగడం కూడా ముందు కిటికీ పక్కకే మార్చుకుంది. రావికమతంలో పుట్టిల్లు బస్సెక్కితే ముప్పావుగంట. ఆ ఇల్లు పల్లంలో ఉంది, ఫోను పనిచెయ్యదు. అక్కడ చెల్లెలు దయామణి కానుపై మగపిల్లాణ్ణి కని ఏడు నెలలైంది. ఎస్తరు ఇంతవరకూ పిల్లాణ్ణి చూళ్ళేదు. "అక్కా, పళ్ళు కూడా వచ్చీసాయే, కొరికీస్తున్నాడు" అని కబురు పంపింది చెల్లెలు. ఒక్క పూట వెళ్ళొస్తానని మొగుణ్ణి అడిగితే, "ఎల్లు, నేనేటైనా వద్దన్నానా? కాని ఫోనందదు కదా అక్కడ" అన్నాడు, ఎంతో మెత్తగా. అంతే, ఇక వెళ్ళలేదు.

రెండువేల ఏడు వేసవి వెళ్ళాక విశాఖపట్నం నుంచి ఒక మేడమ్ వచ్చింది. పేరు శ్రీదుర్గ, సైకాలజీ డాక్టరు. సూది మందు డాక్టరు కాదు, మనసు సంగతి చదువుకున్న డాక్టరు. చేతిలో తోలు సంచి, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. పాస్టరుగారి భార్య దీనా అమ్మగారితో వచ్చిన పని చెప్పింది. సెల్‌ఫోన్లు వచ్చాక మనుషుల మనసు కుదుటపడిందా, చెదిరిందా, అదీ ఆవిడ పరిశోధన. మగవాళ్ళు దూరాల్లో పనిచేస్తున్న ఇళ్ళలో ఆడవాళ్ళు ఇరవైమంది కావాలి. "ఒక్కొక్కర్నీ విడిగా అడగాలండీ, పక్కన ఎవరూ ఉండకూడదు" అని మరీ మరీ చెప్పింది.

దీనా అమ్మగారు వెన్నలాంటి మనిషి. ఊళ్ళో ఎవరికి జ్వరమొచ్చినా గంజి పట్టుకుని పరిగెత్తే మనిషి. అయితే విడిగా అనే మాట ఆవిడకి ఎక్కదు. విడిగా ఏం చేస్తాం, అందరం ఒక్క కుటుంబమే కదా! గురువారం స్త్రీల కూడికలో ఇరవైమందినీ కూర్చోబెట్టి, చదువు రానివాళ్ళకి సాయంగా ఉంటుందని, మేడమ్ కాగితం తనే గట్టిగా చదివేసింది.

"సెల్‌ఫోన్ వచ్చాక సంతోషంగా ఉన్నవారు చేతులెత్తండి!"

గుళ్ళో ఆ మాటంటే చెయ్యి లేవకుండా ఉంటుందా? ఇరవై చేతులూ లేచాయి. "ప్రభువుకి స్తోత్రం" అని రెండు గొంతులు కూడా లేచాయి.

"దిగులుగా ఉన్నవారు?"

అందరూ చీర కొంగులు సర్దుకున్నారు. దేవుడింత ఇస్తే దిగులని ఎవరు చెయ్యెత్తుతారు, పక్కన అత్తగార్లని పెట్టుకుని? ఎస్తరు మొదటిదానికి చెయ్యెత్తింది, రెండోదానికి ఒళ్ళో పెట్టుకుంది. వెనక బెంచీలో శ్రీదుర్గ మేడమ్ నుదురు పట్టుకుని కూర్చుంది. ఆవిడ జీవితంలో అంత ఆనందంగా ఉన్న ఊరిని చూసి ఉండదు పాపం.

కాని గట్టిపిండం. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది, ఇరవై చిన్న నోటుబుక్కులు పట్టుకుని. పేర్లు లేవు, అట్ట మీద నంబర్లే. లోపల గళ్ళు గీసి ఉన్నాయి. ఫోను మోగినప్పుడల్లా టైము రాయాలి, ఏం చేస్తున్నారో రాయాలి, మనసెలా ఉందో బొమ్మ మీద టిక్కు పెట్టాలి. ఐదు మొహాలు గీసింది. మొదటిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వే మొహం, ఐదోది ఏడుపు మొహం. కింద సొంత మాటల కోసం జాగా వదిలింది. "పధ్నాలుగు రోజులు. నేను తప్ప ఎవ్వరూ చదవరు, ఒట్టు" అంది ఒక్కొక్కరి కళ్ళలోకీ చూస్తూ. ఎస్తరుకి పన్నెండో నంబరు వచ్చింది.

మొదటి నాలుగు రోజులూ ఎస్తరు నవ్వే మొహానికే టిక్కులు పెట్టింది. ఆరున్నర, పళ్ళు తోముతున్నాను, నవ్వే మొహం. ఏడుంబావు, ఉప్మా, నవ్వే మొహం. అలవాటు మరి. నాలుగో రోజు రాత్రి ఆ రోజువి లెక్కేస్తే ఇరవై మూడు టిక్కులు తేలాయి. ఇరవై మూడు నవ్వే మొహాలు వరసగా తనకేసి చూస్తుంటే పుస్తకం మూసేసింది.

ఐదో రోజు శనివారం. మధ్యాహ్నం వరండాలో షారోను బొమ్మతో ఆడుకుంటోంది. సబ్బుపెట్టె చెవి దగ్గర పెట్టుకుంది. ఎస్తరు కిటికీ దగ్గర బియ్యం చెరుగుతూ వింది.

"ఎక్కడున్నావు?" అంటోంది పిల్ల బొమ్మతో. "ఏటా సప్పుడు? ఫోనెత్తు, వింటాను."

బొమ్మ ఏం చెబుతుంది? షారోను కాసేపు చూసింది. ఒకటి, రెండు, మూడు అని పది దాకా లెక్కపెట్టింది. ఆ తరవాత బొమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది.

ఎస్తరు చేతిలో చేట జారింది. మొగుడు తనని ఎప్పుడూ కొట్టలేదు. మరి ఈ దెబ్బ పిల్ల ఎక్కడ నేర్చుకుంది? ఎక్కడా నేర్చుకోలేదు. పది లెక్కపెట్టాక రావాల్సింది అదేనని దానికదే తేల్చుకుంది. ఆరేళ్ళ పిల్లకి తెలిసిపోయిన సంగతి తను రెండేళ్ళుగా నవ్వే మొహం కింద దాచిపెడుతోంది. ఈ పిల్ల పెద్దయి ఏమవుతుంది, లెక్కపెట్టేదా, పెట్టించుకునేదా? రెండింట్లో ఏదైనా ఎస్తరుకి గుండె పగిలేటట్టే ఉంది. బియ్యం నేల మీద అలాగే వదిలేసి, బైబిలు జిప్పు కవరులోంచి పన్నెండో పుస్తకం తీసింది.

అప్పట్నించీ నిజం రాసింది. బూత్‌లో ఊరందరి మాటలూ చెవిలో వేసుకున్న పిల్ల, మొదటిసారి తన మాట బయటపెట్టింది.

"పదకొండుంబావు. స్నానం. పాలప్యాకెట్ కవరులో ఫోను చుట్టి లోపలికి తీసుకెళ్ళాను. సబ్బు చేతులు, బటను నొక్కడం ఆలస్యమైంది. ఫోన్ వచ్చింది. చెంబుతో నీళ్ళు పోసుకుని వినిపించాను. ఐదో మొహం."

"మూడున్నర. ఏమీ చెయ్యట్లేదు. మోగుతుందేమోనని కూర్చున్నాను. మోగలేదు. మోగకపోతే రాయమని మీరు చెప్పలేదు మేడమ్, అయినా ఐదో మొహమే."

"మేడమ్, ఆయన చెడ్డవారు కాదు. ఇది రాయకపోతే తప్పుగా అనుకుంటారు. చెడ్డవారైతే మా నాన్నతో చెప్పుకునేదాన్ని. ఇంట్లోనే ఉన్నానని రోజుకి ఇరవై మూడుసార్లు చెప్తున్నాను. చెప్పీ చెప్పీ, నేనేదైనా తప్పు చేశానా అని నాకే అనుమానం వస్తోంది. మా పాప బొమ్మని కొట్టింది. నాకు భయంగా ఉంది."

రాసినప్పుడల్లా కాస్త ఊపిరి ఆడేది. మళ్ళీ వెంటనే చెమటలు పట్టేవి. ఈ పుస్తకం అత్తగారి కంటపడితే? ఆవిడకి చదువు రాదు, కాని ఎవరిచేతనైనా చదివించుకుంటుంది. అక్కణ్ణించి గుజరాత్ ఎంత దూరం, ఒక్క మిస్డ్ కాల్ దూరం! ఆయనకి తెలిస్తే గొంతు పెంచడు, తిట్టడు. ఇరవై మూడు నలభై అవుతుంది, అంతే. ఆ పుస్తకం మేడమ్ సంచిలో పడేదాకా తన ప్రాణం అందులోనే ఉన్నట్టు బైబిలు ఒళ్ళోంచి దించేది కాదు.

పధ్నాలుగు రోజులూ అయ్యాయి. గురువారం కూడికకి పుస్తకాలు తెమ్మంది మేడమ్. తను వచ్చేదాకా తాళం వేసిన పెట్టెలో ఉంచమని దీనా అమ్మగారికి ఫోన్లో చెప్పింది. చర్చిలో తాళమున్న పెట్టె ఒక్కటే, ప్రార్థన మనవుల పెట్టె. ఎవరికే కష్టమొచ్చినా చీటీ మీద పేరు లేకుండా రాసి అందులో వేస్తారు. గురువారం గురువారం అమ్మగారు తాళం తీసి, చీటీలు పైకి చదువుతుంది. అందరూ మోకాళ్ళూని, అది ఎవరి కష్టమో అడక్కుండా ప్రార్థన చేస్తారు. ముప్పై ఏళ్ళుగా ఉన్న పద్ధతి. ఇరవై పుస్తకాలూ అందులో పడ్డాయి. అందరికంటే చివర ఎస్తరు వేసింది. అంచేత పన్నెండోది పైన ఉంది.

మేడమ్ ఎక్కిన విశాఖపట్నం బస్సు దారిలో పంక్చరై ఆగిపోయింది. పది దాటింది. పాటలయ్యాయి, వాక్యం అయింది, మనవుల వేళయింది. దీనా అమ్మగారు కొంగున ఉన్న తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. పైన పేరు లేని పుస్తకం ఒకటి. తెరిచింది. నాలుగు పంక్తులు చదివేసరికి ఆవిడ కళ్ళు నిండిపోయాయి. ఎవరూ చదవరని మేడమ్ ఒట్టు పెట్టిన సంగతి ఆవిడకి గుర్తు లేక కాదు. కాని దేవుడి ముందు పెట్టడం చదవడం ఎలా అవుతుంది? ఇంత కష్టం చేతికొస్తే ప్రార్థన చెయ్యకుండా పెట్టె మూసేస్తారా ఎవరైనా? అదీ ఆవిడ లెక్క.

"సహోదరీలారా," అంది పుస్తకం పైకెత్తి. "మనలో ఒక బిడ్డ నలిగిపోతోంది. వినండి."

చదివింది. పాలప్యాకెట్ కవరు చదివింది. చెంబుతో నీళ్ళు చదివింది. ఇరవై మూడుసార్లని చదివింది. బొమ్మని కొట్టడం చదివింది.

స్తంభం పక్కన కూర్చున్న ఎస్తరుకి ఎటూ కదలడానికి లేదు. లేచి వెళ్ళిపోతే తనే అని తెలిసిపోతుంది. కూర్చుంటే మొహం చూసి కనిపెట్టేస్తారు. తల మీద కొంగు ముక్కు దాకా లాక్కుంది. "ఓరి దేవుడా, ఆపించు, ఆపించు" అనుకుంది. దేవుడికి అమ్మగారి గొంతే వినబడుతున్నట్టుంది ఆ పూట. ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళకి అర్థమైపోయింది. గుళ్ళో ఫోను పైకెత్తి పట్టుకునే మనిషి ఒక్కతే కదా!

అర్థం కానిది ఒక్క రత్నమణి గారికే. ఆవిడకి కొడుకు పెళ్ళాన్ని తల్సుకుంటున్నాడనే తెలుసు. ఈ చదివింది ఎవడో దుర్మార్గుడి కథ. రెండూ ఒకటే అవుతాయని ఆవిడ తలలోకి ఎలా వస్తుంది! మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ పైకెత్తి, అందరి గొంతులకీ మీదుగా ఏడుస్తూ ప్రార్థించడం మొదలుపెట్టింది.

"తండ్రీ, ఆ ఆడకూతురు ఎవరి బిడ్డో నీకు తెలుసు! తల్లి దాన్ని గొడ్డులాగ కన్నాదేటి? ఆ మొగుడనేవోడు మనిసేనా తండ్రీ! తానం కూడా సెయ్యనివ్వడా! వోణ్ణి కన్నతల్లి ఏటి సేస్తన్నాదయ్యా, కళ్ళు మూసుకున్నాదా!"

ఎస్తరు గుప్పిట్లో ఫోను గుర్రుమని ఒక్కసారి వణికి ఆగింది. మిస్డ్ కాల్. ఒకటి, రెండు, మూడు అని తెలియకుండానే లెక్క మొదలైంది. బొటనవేలు బటను మీద ఉంది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఆమెకే తెలియదు. పది దాటింది. ఫోను మళ్ళీ వణికింది, ఈసారి ఆగకుండా. తీసింది.

"ఎక్కడున్నావు?"

"కూడికలోనండీ."

"ఏటా సప్పుడు?"

"ప్రార్థనండీ."

"ఫోనెత్తు, వింటాను."

ఎత్తింది. పది లెక్కపెట్టింది. దించలేదు. ఇరవై దాకా లెక్కపెట్టింది. చెయ్యి నొప్పి పుట్టినా దించలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఒక్కొక్కరే కళ్ళు తెరిచి, గాల్లో ఉన్న ఆ చేతినీ ఫోన్నీ చూసి, ప్రార్థన ఆపేశారు. చివరికి గుళ్ళో ఒక్క గొంతే మిగిలింది. కళ్ళు మూసుకున్న రత్నమణి గారి గొంతు. "ఆ బిడ్డని ఇడిపించు తండ్రీ! వోడి సేతిలోంచి ఇడిపించు!"

ఎస్తరు అప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"అది అమ్మ గొంతు కదా?" అన్నాడు. "అమ్మ ఎవరి గురించి అలగ ఏడుస్తన్నాది?"

ఎవరో తెలీదని అనొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కాని పది రోజులుగా నిజం రాస్తూ రాస్తూ అబద్ధానికి నోరు తిరగలేదు.

"నా గురించేనండీ," అంది.

ఎస్తరు జవాబు కోసం ఆగలేదు. లేచి నడిచి బల్ల దగ్గరికెళ్ళింది. తెరిచి ఉన్న మనవుల పెట్టెలో మిగతా పుస్తకాలు దీనా అమ్మగారు అప్పటికే పక్కకి తీసిపెట్టింది, పెట్టె ఖాళీ. ఫోను అందులో పెట్టి, మూత వేసి, తాళం నొక్కింది. నొక్కితే పడిపోయే తాళం అది. అత్తగారి దగ్గరికొచ్చి వంగి, "అత్తయ్యా, షారోన్ని తీసుకుని రావికమతం వెళ్తున్నాను. చెల్లెలి పిల్లాణ్ణి చూసి వస్తాను" అంది. రత్నమణి గారు కన్నీళ్ళు తుడుచుకుంటూ, సంగతేమీ తెలియకుండానే, "ఎల్లమ్మా, బేగి ఎల్లు" అంది. పక్కనే మిషను స్కూలు. పిల్లని వెంటబెట్టుకుని పదకొండున్నర బస్సు అందుకుంది.

బస్సు కదిలి ఉంటుందో లేదో, బల్ల మీద పెట్టె గుర్రుమంది. ఖాళీ చెక్కపెట్టె కదా, గుడంతా వినబడింది.

"ఏటది? పెట్టి వణుకుతన్నాదేటి?" అంది రత్నమణి గారు.

దీనా అమ్మగారు పన్నెండో పుస్తకం గుండెలకి అదుముకుని నిలబడింది. తను చేసిన పనేమిటో ఆవిడకి అప్పుడే తెలిసొచ్చింది. "మీ సత్యప్రకాష్ ఫోనమ్మా," అంది మెల్లగా.

మేడమ్ వచ్చేసరికి ఒంటిగంట. జరిగిందంతా విని కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. పదిమందిలో చదివేశాక పన్నెండో పుస్తకం ఇక తన లెక్కలోకి రాదని మాత్రం చెప్పింది. చెప్పిందే కాని, పెట్టె గుర్రుమన్నప్పుడల్లా గడియారం చూసి ఆ పుస్తకంలోనే టైము రాసింది. ఏం చేస్తున్నారో రాసే గడి, మొహాల గడి ఖాళీగా వదిలేసింది.

రత్నమణి గారు బల్ల పక్కన నేల మీద కూలబడి ఉంది. అందరూ ఇళ్ళకెళ్ళినా కదల్లేదు. ఒక చెయ్యి పెట్టె మీద వేసుకుంది. అది వణికినప్పుడల్లా ఆ చెయ్యి కూడా వణుకుతోంది.

"రోజూ ఇలగే మోగుద్దా మేడమ్?" అనడిగింది. అదే ఇంట్లో, అదే ఫోను పక్కన, రెండేళ్ళు కూర్చున్న మనిషి!

మేడమ్ పుస్తకం తిప్పి ఆ టిక్కుల వరసలు చూపించింది. చదువు రాకపోయినా టిక్కులు కనబడతాయి కదా. రత్నమణి గారు వేలితో ఒక్కొక్కటే తడుముకుంటూ పోయింది. ఒక పేజీ అయ్యాక చెయ్యి తీసేసింది. "నేను అదురుష్టం అన్నానమ్మా," అంది. "దాని మొకం మీదే అన్నాను."

పెట్టె మళ్ళీ గుర్రుమంది. ఆవిడ దీనా అమ్మగారికేసి చూసి చెయ్యి చాపింది, తాళంచెవి కోసం. అమ్మగారు తాళంచెవిని కొంగున ముడేసుకుని, ఆ కొంగు నడుములో దోపుకుంది.

"మనవుల పెట్టె గురువారమే తీస్తాం వదినా," అంది.

మళ్ళీ గురువారమంటే వారం. రత్నమణి గారు తలూపింది. పెట్టె మీదికి వంగి, తాళం వేసిన మూతకి నోరు దగ్గరగా పెట్టి, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"అది ఇంట్లో లేదురా నాయనా."